కుదురు తీసేస్తే కుండ నిలుస్తుందా?

ప్రశ్న:

మేడమ్ గారికి నమస్కారం. మేం హైదరాబాద్‌లో కూకట్‌పల్లి దగ్గర ఒక అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. మా బాబుకి తొమ్మిదేళ్లు, నాలుగో తరగతి. వాడికి ఏడీహెచ్‌డీ, అంటే ధ్యాస నిలవకపోవడం, అతిగా కదలడం ఉండే సమస్య, ఉందని కిందటేడు డాక్టరు గారు చెప్పారు. పొద్దునపూట వేసుకోమని మిథైల్‌ఫెనిడేట్ మాత్ర రాశారు. అది మొదలుపెట్టాక స్కూల్లో కంప్లైంట్లు బాగా తగ్గాయి. మార్చిలో కరోనా లాక్‌డౌన్ పెట్టాక మందు దొరకలేదు. స్కూలే లేనప్పుడు మందెందుకులే అని మా అత్తయ్య గారు అన్నారు. నేనూ ఆపేశాను.

జూన్ చివర నుంచి ఆన్‌లైన్ క్లాసులు జరుగుతున్నాయి. తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా అయిదు పీరియడ్లు. వాడు పది నిమిషాలు కూర్చోడు. ఒకరోజు టీచర్ స్క్రీన్ మీద చూపిస్తున్న పాఠంపై గీతలు గీశాడు. ఆవిడ అందరి ముందు పేరుపెట్టి తిట్టి క్లాసులోంచి తీసేశారు. తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో రెండు రోజులు అదే చర్చ. మా వారిది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఇంటి నుంచే పని. జీతం తగ్గించారు, ఉద్యోగం ఉంటుందో లేదోనని టెన్షన్. కాల్‌లో ఉన్నప్పుడు వీడు అరిస్తే బయటికొచ్చి కేకలేస్తారు. "నేనూ చిన్నప్పుడు ఇంతే, మా నాన్న బెల్టు తీస్తే దారికొచ్చాను" అంటారు. కింద ఆడుకుంటే అసోసియేషన్ వాళ్లు ఒప్పుకోవడం లేదు. ఎదురు ఫ్లాట్ అంకుల్‌ని అంబులెన్స్‌లో తీసుకెళ్లినప్పటి నుంచి వీడు రాత్రి పన్నెండైనా నిద్రపోడు.

పోయిన వారం విసిగిపోయి స్కేలుతో కొట్టాను. వాడు ఏడవలేదు. "నేను చెడ్డోణ్ణి. నేను లేకపోతే మీరంతా హాయిగా ఉంటారు" అన్నాడు. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు అన్నం సహించడం లేదు. ఇంకో విషయం. బాల్కనీలో ఏసీ బాక్సు వెనక పావురం గూడు పెట్టింది. దాని ముందు మాత్రం గంటసేపు కదలకుండా కూర్చుంటాడు. అంటే కూర్చోగలడు కదా? క్లాసులో కావాలనే చేస్తున్నాడా?

పేరు ప్రచురించవద్దని కోరిన ఒక తల్లి, ఆగస్టు 2020

సమాధానం:

అమ్మా, వాడన్న ఆ మాట గురించి ముందు మాట్లాడుకుందాం. మందు, క్లాసులు, గీతలు, అన్నీ తర్వాత.

తొమ్మిదేళ్ల పిల్లాడు "నేను లేకపోతే" అన్నాడంటే చాలాసార్లు "నేను మీకు ఇంకా కావాలా" అని అడుగుతున్నట్టే. కానీ మనం అలా అనుకుని ఊరుకోకూడదు, వాణ్ణే అడగాలి. ఈ రోజే అడగండి. ఎదురుగా కూర్చోబెట్టి విచారణ చేసినట్టు వద్దు. పావురాల దగ్గర పక్కన కూర్చున్నప్పుడో, రాత్రి దీపం తీసేశాక పక్కలో ఉన్నప్పుడో అడగండి. "ఆ రోజు నువ్వు లేకపోతే మేం హాయిగా ఉంటామన్నావు కదా నాన్నా, అప్పుడు నీకెలా అనిపించింది?" అనండి. చెప్పేదాకా ఆగండి. తర్వాత ఇంకో మాట కూడా అడగాలి: "చచ్చిపోవాలని గానీ, నిన్ను నువ్వు దెబ్బ కొట్టుకోవాలని గానీ ఎప్పుడైనా అనిపించిందా?" ఇలా అడిగితే లేని ఆలోచన కలిగించినట్టవుతుందని భయపడతాం. అలా కాదు. అడిగితే పిల్లలకు భారం దిగుతుంది. ఈ మాట అమ్మతో చెప్పుకోవచ్చని తెలుస్తుంది. వాడు ఏం చెప్పినా "ఛీ, అలా అనకూడదు, తప్పు" అనొద్దు. "చెప్పావు, మంచి పని చేశావు. నేనున్నాను" అంటే చాలు.

ఒకవేళ అవునన్నా, ఎలాగో కూడా చెప్పినా, తల గోడకేసి కొట్టుకోవడం వంటివి చేస్తున్నా, మర్నాటి దాకా ఆగకండి. వాణ్ణి ఒంటరిగా వదలకుండా అదే రోజు వాడి డాక్టరు గారికి ఫోన్ చేయండి, లేదా పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. పిల్లల కోసం 1098 చైల్డ్‌లైన్ రాత్రీ పగలూ పనిచేస్తుంది. విద్యార్థులకు, తల్లిదండ్రులకు మానసికంగా తోడుండటానికి కేంద్రం 2020 జులై 21న మనోదర్పణ్ అని మొదలుపెట్టింది. దాని నంబరు 8448440632, డబ్బులు పడవు. మీకోసం కూడా చేయొచ్చు.

వాడు కాదన్నా సరే, ఒక జాగ్రత్త మాత్రం తీసుకోండి. ఈ పిల్లలకు ఆలోచన వచ్చిన క్షణానికీ చేసే క్షణానికీ మధ్య ఎడం చాలా తక్కువ. అత్తయ్య గారి బీపీ మాత్రలు, మిగిలిన మందులు అల్మారాలో తాళం వేసి పెట్టండి. గూడు చూడటానికి బాల్కనీలో స్టూలు ఎక్కుతున్నాడేమో గమనించండి. ఎక్కుతుంటే ఆ స్టూలు లోపల పెట్టేసి, వాడు నేలమీద నిలబడే చూడగలిగేలా ఏదైనా ఏర్పాటు చేయండి.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న, కావాలనే చేస్తున్నాడా అని.

మన ఇళ్లలో ఇలాంటి పిల్లల్ని "కుదురు లేదు" అంటాం. కుదురు అన్న మాటకు ఇంకో అర్థం మీ అత్తయ్య గారికి తెలిసే ఉంటుంది. మట్టికుండ అడుగు గుండ్రంగా ఉంటుంది కాబట్టి గచ్చు మీద పెడితే దొర్లుతుంది. అందుకే గడ్డితోనో పాతగుడ్డతోనో చుట్ట చేసి, దాని మీద కూర్చోబెట్టేవాళ్లు. ఆ చుట్టనే కుదురు అంటారు. కుండ దొర్లిందంటే కుండను ఎవరూ తిట్టరు, కింద కుదురు సరిగా ఉందా లేదా అని చూస్తారు.

మీ వాడి కుదురు ఏమిటో ఆలోచించండి. పొద్దున్నే హారన్ కొట్టే బస్సు. నలభై నిమిషాలకోసారి గంట. పీటీ పీరియడ్. నీళ్లు తాగొస్తానని లేచి కారిడార్‌లో నడవడం. పక్క పిల్లాడు పుస్తకం తీస్తే చూసి తనూ తీయడం. దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యి వేసే టీచర్. స్నేహితుడితో కలిసి తినే లంచ్ బాక్స్. దానికి తోడు పొద్దున వేసుకునే మాత్ర. ఇవన్నీ ఒకే నెలలో పోయాయి. పెద్దవాళ్లం మనమే మార్చి 25 తర్వాత ఏ రోజు ఏ వారమో మరిచిపోయాం. లోపలి గడియారం ఇంకా గట్టిపడని పిల్లాడికి ఎలా ఉంటుంది?

గట్టిపడలేదని ఊరికే అనడం లేదు. అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ పరిశోధకులు 2007లో పిల్లల మెదడు స్కానింగులు పోల్చి చూశారు. మెదడు పైపొర ఎదుగుదలలో ఒక దశ మామూలు పిల్లల్లో సుమారు ఏడున్నరేళ్లకు వస్తే, ఏడీహెచ్‌డీ పిల్లల్లో పదిన్నరేళ్లకు వచ్చింది. ఎదిగే వరుస అదే. ఆలస్యం మాత్రం మూడేళ్లు. ఆ ఆలస్యం ఎక్కువగా కనిపించింది నుదుటి వెనక భాగంలో. ఆగు, తర్వాత చెయ్యి, కోపాన్ని పట్టుకో అని మనకు చెప్పేది ఆ భాగమే. అందుకే తొమ్మిదేళ్ల మీ వాడి తెలివి తొమ్మిదేళ్లదే అయినా, ఓర్పు ఆరేడేళ్ల పిల్లాడిదిలా అనిపిస్తుంది. పాఠం అర్థమవుతుంది, కోపం మాత్రం ఆగదు. ధ్యాసను పట్టుకోలేని చెయ్యే దుఃఖాన్ని, భయాన్ని కూడా పట్టుకోలేదు. ఈ పిల్లలు చిన్నదానికే పేలిపోవడం, చిన్న మాటకే కుంగిపోవడం అందుకే.

మరి పావురాల దగ్గర గంటసేపు ఎలా కూర్చున్నాడు? ఏడీహెచ్‌డీలో ధ్యాస లేకపోవడం ఉండదమ్మా. ధ్యాసను తను అనుకున్న చోటికి తిప్పుకోలేకపోవడం ఉంటుంది. పావురం ప్రతి నిమిషం ఏదో ఒకటి చేస్తుంది. పుల్ల తెస్తుంది, గుడ్డు తిప్పుతుంది, జతతో వంతు మార్చుకుంటుంది. అక్కడ వాడి ధ్యాసను అదే లాగి పట్టుకుంటుంది. క్లాసులో ముప్ఫై చిన్న చిన్న ముఖాలు, తెగిపోయే గొంతు, తన వంతు రాని ప్రశ్న. అక్కడ ధ్యాసను తనే ఈడ్చుకుని తెచ్చి పెట్టుకోవాలి. వాడికి లేనిది ఆ బలమే. ఇంట్లో అందరితో ఈ ఒక్క విషయం చెప్పండి. వాడు కావాలని చేయడం లేదు.

మీ ఉత్తరం చదువుతుంటే మా తమ్ముడు గుర్తొచ్చాడు. మా చిన్నప్పుడు ఈ పేర్లేవీ తెలియవు. ఊళ్లో వాణ్ణి గడుగ్గాయి అనేవాళ్లు. అమ్మమ్మ మాత్రం వాణ్ణి కూర్చోమని ఎప్పుడూ అనలేదు. బావి దగ్గర్నుంచి చెంబుతో నీళ్లు తెమ్మనేది, కొట్టు నుంచి బెల్లం తెమ్మనేది, దూడను కట్టేసి రమ్మనేది. ఆ తిరుగుళ్ల మధ్యలో పది నిమిషాలు ఎక్కాలు చెప్పించుకునేది. ఆవిడ ఏ పుస్తకంలోనూ చదవలేదు, పిల్లాణ్ణి చూసి తెలుసుకుంది. ఇప్పుడు ఈ పిల్లలతో పనిచేసే మేం చెప్పేది కూడా దాదాపు అదే. కదలిక ముందు, పాఠం తర్వాత, మళ్లీ కదలిక.

కాబట్టి తొమ్మిదింటి క్లాసుకు ముందు వాడికి అరగంట ఒళ్లు అలిసే పని ఉండాలి. కింద ఆడనివ్వకపోతే, పొద్దున ఆరున్నరకు మీలో ఒకరు టెర్రస్ మీదకు తీసుకెళ్తామని అసోసియేషన్ వాళ్లను అడగండి. ఎవరూ ఉండని ఆ వేళకు చాలామంది ఒప్పుకుంటారు. తాడాట, తొక్కుడుబిళ్ల, మెట్లు ఎక్కి దిగడం, ఏదైనా సరే. కుదరని రోజు ఇంట్లోనే మంచినీళ్ల క్యాను దొర్లించడం, తడిబట్టలు పిండి ఆరేయడం, నాన్న బండి తుడవడం చెప్పండి. బరువు మోసే, తోసే, పిండే పనుల తర్వాత ఈ పిల్లలు కాసేపు నెమ్మదిస్తారు. దీన్ని శిక్షలాగా ఎప్పుడూ ఇవ్వకండి. "నాకు సాయం కావాలి, నువ్వయితేనే చేయగలవు" అని ఇవ్వండి.

ఇక ఆన్‌లైన్ క్లాసు. రోజుకు నాలుగు గంటలు తెర ముందు కూర్చోవడం ఏ నాలుగో తరగతి పిల్లాడికైనా ఎక్కువే. నేనొక్కదాన్నే కాదు, కేంద్ర మానవ వనరుల శాఖ 2020 జులై 14న ఇచ్చిన 'ప్రజ్ఞత' మార్గదర్శకాల్లోనూ అదే ఉంది. ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా రోజుకు రెండు క్లాసులకు మించొద్దని, ఒక్కోటి 30 నుంచి 45 నిమిషాలేనని రాశారు. అవి సలహాలే కావచ్చు, అయినా మీరు టీచర్‌తో మాట్లాడటానికి ఒక ఆధారం. వాట్సాప్ గ్రూపులో జవాబు చెప్పుకోవాలని చూడకండి. అక్కడ మీ పిల్లాడి గురించి ఒక్క మాట కూడా రాయొద్దు. క్లాస్ టీచర్‌కి విడిగా ఇలా ఒక మెసేజ్ పెట్టండి:

"మేడమ్, మా బాబుకి ఏడీహెచ్‌డీ ఉంది. ఆ రోజు గీతలు గీసినందుకు వాడు బాధపడుతున్నాడు. రోజుకు రెండు క్లాసులు, లెక్కలు, ఇంగ్లీషు, శ్రద్ధగా వినేలా చూస్తాను. మిగతావాటి నోట్సు పంపితే సాయంత్రం నేను చెప్పించుకుంటాను. క్లాసులో వాడు నిలబడినా, కాసేపు వీడియో ఆపేసినా దయచేసి ఏమీ అనుకోకండి. మొదటి పది నిమిషాల్లోనే వాడిని ఒక ప్రశ్న అడగండి, చాలా సంతోషిస్తాడు. ఏదైనా తప్పు చేస్తే నాకు ఫోన్ చేయండి, అందరి ముందూ అనకండి."

టీచర్లకు కూడా ఇది కొత్తే. ముప్ఫై మంది పిల్లల్ని ఫోన్ తెరలో సముదాయిస్తూ, ఇంట్లో తమ పిల్లల్ని చూసుకుంటూ వాళ్లూ నలిగిపోతున్నారు. నిందించకుండా, ఏం కావాలో సూటిగా చెబితే చాలామంది వింటారు. వినకపోయినా, మూడు పీరియడ్లు మానేస్తే మీ వాడి చదువు మునిగిపోదు. క్లాసు వింటున్నప్పుడు చేతిలో చపాతీపిండి ముద్ద పెట్టండి, పిసుక్కుంటాడు. కుర్చీలోనే కూర్చోవాలని లేదు. నేలమీద బోర్లా పడుకుని విన్నా చెవులు అవే. హోమ్‌వర్కులో సగం లెక్కలు చేస్తే చాలనండి. పది లెక్కలు ఏడుస్తూ చేసేకంటే అయిదు నవ్వుతూ చేయడమే నయం.

మందు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. మీరు ఆపేయడానికి కారణం నాకు అర్థమైంది, చాలా ఇళ్లలో ఈ వేసవిలో ఇదే జరిగింది. మిథైల్‌ఫెనిడేట్ మన దేశంలో షెడ్యూల్ ఎక్స్ మందు. ప్రత్యేక లైసెన్సున్న షాపులే అమ్మాలి, చీటీ రెండు ప్రతులు ఉండాలి, ఒకటి షాపువాళ్లు దాచుకోవాలి. పైగా 2020 మార్చి 25న వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల్లో, ఫోన్‌లో చూసి రాయకూడని మందుల్లో ఇదీ చేరింది. అందుకే డాక్టరు గారు ఫోన్‌లో ధైర్యం చెప్పగలిగినా చీటీ పంపలేకపోయి ఉంటారు. ఇందులో మీ నిర్లక్ష్యం ఏమీ లేదు.

అయితే "స్కూలు లేకపోతే మందెందుకు" అన్న మాట సరికాదు. ఆ మందు కేవలం మార్కుల కోసం కాదు. వాడు అన్నం దగ్గర, అమ్మతో, నాన్నతో, తనతో తను పోట్లాడకుండా ఉండటానికి కూడా అది పనికొస్తుంది. ఏడీహెచ్‌డీ మీద పనిచేసే యూరప్ నిపుణుల బృందం లాక్‌డౌన్ తొలిరోజుల్లోనే కుటుంబాలకు ఇదే చెప్పింది. వాడుతున్న మందును మానొద్దని, ఇంట్లో గొడవ ఎక్కువైందని మోతాదు మాత్రం పెంచొద్దని. ఈ రెండో మాటను గట్టిగా గుర్తుపెట్టుకోండి. మందు పని మందు చేస్తుంది. ఇంట్లో ఇరుకును, పెద్దవాళ్ల కోపాన్ని అది తగ్గించలేదు.

పాత స్ట్రిప్‌లో రెండు మాత్రలు మిగిలాయి కదా అని మీ అంతట మీరు వేయకండి. అయిదు నెలలు ఆపారు. ఆ మధ్య వాడి బరువు, ఎత్తు మారి ఉంటాయి. డాక్టరు గారు బరువు, బీపీ, నాడి చూసి ఎంతతో మొదలుపెట్టాలో చెబుతారు. నిద్ర గురించి, వాడన్న మాట గురించి తప్పకుండా చెప్పండి. మందు మళ్లీ వేయాలా, వేరేది రాయాలా అన్నది దాన్నిబట్టి ఉంటుంది. కరోనా వల్ల పదేళ్లలోపు పిల్లలు ఇంట్లోనే ఉండాలన్నారు కదా, తీసుకెళ్లొచ్చా అని మీకు అనుమానం రావచ్చు. ఆ సూచనలోనే ఆరోగ్య అవసరాలకు మినహాయింపు ఉంది. ముందుగా ఫోన్ చేసి జనం తక్కువుండే వేళ అడగండి. పాత చీటీ, ఫైలు పట్టుకెళ్లండి. మాస్కు పెట్టుకోవడం రెండు రోజుల ముందు నుంచే ఇంట్లో ఆటలా అలవాటు చేయండి.

అంబులెన్స్ విషయం. మీ ఉత్తరంలో ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు, నాకు మాత్రం అక్కడే ఆగిపోవాలనిపించింది. ఎదురింటి మనిషిని తొడుగులేసుకున్న వాళ్లు తీసుకెళ్లడం వాడు చూశాడు. తర్వాత ఏమైందో ఎవరూ వాడికి చెప్పలేదేమో. పెద్దవాళ్లు భయపడితే మాట్లాడతారు, ఈ పిల్లలు భయపడితే అల్లరి చేస్తారు. రాత్రిపూట దీపం తీసేయగానే కదిలే పనేమీ ఉండదు, లోపలున్న భయమంతా పైకొస్తుంది. నిద్ర రాదు. నిద్ర లేకపోతే మర్నాడు కోపం, ఆ కోపానికి తిట్లు, ఆ తిట్లకు మళ్లీ రాత్రి నిద్ర లేకపోవడం.

వాడికి నిజం చెప్పండి. అంకుల్ ఎలా ఉన్నారో తెలుసుకుని ఉన్నదున్నట్టు చిన్న మాటల్లో చెప్పండి. నాన్నకు కరోనా వస్తే ఏమవుతుంది, బామ్మకు వస్తే ఏమవుతుంది అని అడుగుతాడు. "చాలామందికి తగ్గిపోతుంది. మనకెవరికైనా వస్తే ఏం చేయాలో మాకు తెలుసు. నిన్ను ఎవరు చూసుకుంటారో కూడా అనుకున్నాం" అని చెప్పండి, ఆ పేరు కూడా చెప్పండి. పిన్నో, మేనత్తో, ఎవరైతే వాళ్లు. ఇంట్లో రోజంతా కేసుల లెక్కలు చదివే టీవీ ఉంటే అది ఆపాలి. అత్తయ్య గారికి వార్తలు కావాలంటే సాయంత్రం ఒక్కసారి, వాడు పక్కన లేనప్పుడు. ఆవిడకు 65 దాటి ఉంటే, ఇంట్లోంచి కదలొద్దని సర్కారు చెప్పింది మీ ఇంట్లో ఆ ఇద్దరికే, ఆ బామ్మకూ, ఆ మనవడికీ. ఒకరికొకరు తోడవ్వగలరు. మధ్యాహ్నం చిక్కుడుకాయలు వలుస్తూ ఆవిడ చిన్నప్పటి కబుర్లు చెబితే, ఆ చేతులకు పని ఉంటుంది కాబట్టి వాడు వింటాడు. మందు వద్దన్నారని ఆవిడతో వాదన పెట్టుకోకండి. డాక్టరు దగ్గర ఫోన్‌లో స్పీకరు పెట్టి ఆవిడను కూడా విననివ్వండి.

రోజు మొత్తానికి గంటగంటకూ టైమ్‌టేబుల్ రాసి గోడకు అంటించకండి. మూడో రోజుకు చిరిగిపోతుంది, దాంతోపాటు వాడికి ఇంకో ఓటమి. లేచే వేళ, భోజనం వేళ, పడుకునే వేళ, ఈ మూడూ గట్టిగా నిలబెట్టండి, మధ్యలో ఉన్నవి అటూ ఇటూ అయినా పర్వాలేదు. పడుకునే వేళకు గంట ముందు ఫోన్లు అందరివీ హాల్లో ఒకే డబ్బాలో. అందరివీ అంటే మీ ఇద్దరివీ కూడా. పన్నెండింటికి పడుకుంటున్న పిల్లాణ్ణి ఒక్కసారిగా తొమ్మిదికి పడుకోబెట్టలేరు. లేచే టైమ్‌ను రోజుకో పావుగంట ముందుకు జరపండి, పడుకునే టైమ్ దానంతటదే వెనకాల వస్తుంది.

కోపం వచ్చినప్పుడు ఏం చేయాలని మీరు అడగలేదు కానీ, మీకు అన్నింటికంటే కష్టంగా ఉన్నది అదేనని తెలుస్తూనే ఉంది. వాడు అరుస్తున్నప్పుడు నీతులు వాడి చెవికి చేరవు. "ఎన్నిసార్లు చెప్పాను", "నీకు బుద్ధుందా" అన్నవి పెట్రోలు. గొంతు తగ్గించి రెండు మూడు మాటలే అనండి. "కోపం వచ్చింది. నేను ఇక్కడే ఉన్నా." వస్తువులు విసురుతుంటే అవి తీసేయండి, చెల్లాచెదురైనవి తర్వాత ఇద్దరూ కలిసి సర్దండి. మీకే కోపం మీరిపోతే "అమ్మ నీళ్లు తాగి అయిదు నిమిషాల్లో వస్తుంది" అని చెప్పి వంటింట్లోకి వెళ్లండి. చెప్పినట్టే అయిదు నిమిషాల్లో రండి. వాడు శాంతించిన అరగంట తర్వాత, ఏదైనా తిన్నాక, అప్పుడు జరిగినదాని గురించి మాట్లాడండి.

ఒక్కరోజు కాగితం మీద గీతలు పెట్టి చూడండి, వాడితో "వద్దు, ఆపు, ఎందుకలా చేశావు" అని ఇంట్లో అందరూ కలిపి ఎన్నిసార్లు అంటున్నారో. స్కూలున్నప్పుడు ఇంట్లో అయిదారు గంటలే ఈ మాటలు వినేవాడు. ఇప్పుడు లేచిన దగ్గర్నుంచీ. "నేను చెడ్డోణ్ణి" అన్న మాట వాడు ఆ లెక్కలోంచి తీసిన జవాబు. దాన్ని "లేదు కన్నా, నువ్వు మంచోడివి" అని ఒక్కసారి చెప్పి చెరపలేం. "చెప్పిన మొదటిసారికే టీవీ కట్టేశావు", "కోపం వచ్చినా బామ్మను తోయలేదు, చూశాను" ఇలా కంటికి కనిపించిన దాన్ని, కనిపించిన ఆ నిమిషంలోనే చెప్పాలి. రోజుకో పదిహేను నిమిషాలు వాడిష్టం. వాడే ఆట ఎంచుకోవాలి, మీరు ప్రశ్నలడగకూడదు, సరిచేయకూడదు, పక్కనుండి చూస్తూ ఆడాలి. ఆ పదిహేను నిమిషాలు ఆ రోజు వాడు ఎంత అల్లరి చేసినా రద్దు కాకూడదు. మంచిగా ఉంటేనే అమ్మ దొరుకుతుందని వాడు అనుకోకూడదు.

కొట్టిన విషయం. మీరు ఎంత బాధపడుతున్నారో తెలుస్తోంది, ఆ బాధను లోపలే ఉంచుకోకండి. వాడి దగ్గరకెళ్లి, "ఆ రోజు నిన్ను కొట్టాను. అది నా తప్పు. నువ్వు చెడ్డవాడివని కొట్టలేదు, నాకు కోపం ఆగలేదు. ఇంకెప్పుడూ స్కేలు తీయను" అనండి. "కానీ నువ్వు కూడా..." అని తోక తగిలించకండి. పిల్లలకు క్షమాపణ చెబితే నెత్తికెక్కుతారని కొందరంటారు. నేను చూసినంతలో దానికి విరుద్ధంగానే జరిగింది. కోపం తర్వాత మళ్లీ ఎలా కలవాలో వాళ్లు నేర్చుకునేది మనల్ని చూసే.

మీ వారికి ఈ పేరా చదివి వినిపించండి. అయ్యా, మీరూ చిన్నప్పుడు ఇంతేనని అన్నారట. నిజమే అయి ఉండొచ్చు. కవల పిల్లల మీద జరిగిన అధ్యయనాల ప్రకారం ఏడీహెచ్‌డీలో 70 నుంచి 80 శాతం పాలు వారసత్వానిది. అంటే ఆ ఇంట్లో మీ అబ్బాయిని లోపలినుంచి అర్థం చేసుకోగల మనిషి మీరే. బెల్టు తీసినప్పుడు మీకు లోపల ఏమనిపించేదో ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. మీరు దారికొచ్చింది పెరుగుతున్న వయసు వల్ల, మీ కష్టం వల్ల. ఉద్యోగం టెన్షన్‌లో ఉన్నారని తెలుసు. అందుకే ఎక్కువ అడగను. ముఖ్యమైన కాల్స్ ఉన్న వేళలు పొద్దున్నే ఒక కాగితం మీద రాసి తలుపుకు అంటించండి, ఎరుపు గుర్తున్న గంటల్లో అమ్మ వాణ్ణి వేరే గదిలో ఉంచుతుంది. బదులుగా పొద్దున టెర్రస్ మీద అరగంట మీది. అక్కడ వాడితో ఒకసారి చెప్పండి, "నాక్కూడా క్లాసులో కూర్చోవడం చాలా కష్టంగా ఉండేది రా" అని. ఇంట్లో వాడు ఎదురుచూస్తున్న మాట అదే అనిపిస్తోంది.

అమ్మా, మీకు అన్నం సహించడం లేదన్నారు. రెండు వారాలు దాటినా అలాగే ఉంటే, నిద్ర పట్టకపోతే, వాడి డాక్టరు గారికే మీ గురించి కూడా చెప్పండి, లేదా పైన రాసిన నంబరుకు చేయండి. వారంలో రెండు పూటలైనా వాడి బాధ్యత పూర్తిగా మీ వారిది అనుకోండి. ఆ సమయంలో మీరు ఇంటిపని చేయకండి. పడుకోండి, అక్కతోనో స్నేహితురాలితోనో ఫోన్‌లో మాట్లాడుకోండి.

పావురాల సంగతి చివరికి దాచాను. వాడికొక తెల్లకాగితాల నోటు పుస్తకం ఇవ్వండి. గుడ్లు పెట్టిన రోజు, పిల్లలు బయటికొచ్చిన రోజు రాయించండి. పావురం గుడ్లు పొదగడానికి దాదాపు 18 రోజులు పడుతుంది, వాడి లెక్క సరిపోయిందో లేదో వాడే చూసుకుంటాడు. తల్లీతండ్రీ వంతులవారీగా పొదుగుతాయి, ఎవరు ఎప్పుడు కూర్చున్నారో బొమ్మ వేయమనండి. రాయడం బద్ధకమైతే వాడు చెబుతుంటే మీరు రాయండి. రెట్ట ముట్టుకోకుండా చూడండి, తర్వాత చేతులు కడిగించండి. ఆ పుస్తకంలోని ఒక పేజీ ఫోటో తీసి టీచర్‌కి పంపండి. ఆ అబ్బాయి గురించి ఆవిడకు గీతలు మాత్రమే తెలుసు, ఇది కూడా తెలియాలి.

డాక్టరు గారిని కలిశాక ఏం చెప్పారో నాకు రాయండి. పావురం పిల్లలు ఎగిరిన రోజు తేదీ కూడా, వాడి చేతే రాయించి పంపండి.